సురవరము ప్రతాపరెడ్డిగారి కాలవినియోగము

విద్వద్గద్వాల యని పండితలోకమున పేరుగన్న సంస్థానసీమలో, నేటి జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన బోరవెల్లిలో, 1896 మే 28వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. స్వగ్రామము ఇటికాలపాడు. చిన్ననాటనే తండ్రి గతించుటచే కర్నూలులో పినతండ్రి అండన పెరిగి, అచ్చటనే వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతము పఠించిరి. పిదప మదరాసులో బి. ఏ., బి. ఎల్. పట్టములు పొందిరి.

పట్టము చేతికి వచ్చినతోడనే చదువు ముగిసినదనుట లోకమున వాడుక. ఆనాడు నైజాము రాజ్యమున కచ్చేరీలు, న్యాయస్థానములు ఉర్దూలో నడచుచుండెను. ఉర్దూ, ఆంగ్లము రెండును వచ్చిన న్యాయవాదికి రాబడికి కొదువ యుండదు. రెడ్డిగారు కొంతకాలము ఆ వృత్తి నెరపి, అది తమ దినములన్నిటిని మ్రింగకమునుపే విడిచిరి. హైదరాబాదులో రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శియై, పల్లెలనుండి వచ్చిన బాలురను కనిపెట్టుకొని, అందు గ్రంథాలయమును పెంపొందించిరి.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. వారమునకు రెండు సంచికలు. తెలుగున వ్రాయువారు తక్కువ, చందాదారులు అంతకన్న తక్కువ. సంపాదకుడే వ్యాసకర్త, విమర్శకుడు, అచ్చుతప్పులు దిద్దువాడు. ఒక్క చేతివ్రాతయని పాఠకులకు తోపకుండ కలముపేర్లు మార్చి వ్రాసిరి. వానిలో చిత్రగుప్త యనునది యొకటి. (లెక్కలు వ్రాయువారికి ఈ పేరు నచ్చకమానదు.) వారమునకు రెండుమారులు తప్పక వచ్చు ఆ గడువే ఆయనకు కాలము విలువ నేర్పిన గురువని తలంపవచ్చును.

ఇంతలో, తెలంగాణమున తెలుగు కవులే లేరని యెవరో వ్రాసిరి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండితులను పోషించుచుండగా ఆ మాట యెట్లు చెల్లును? పత్రికలో నాలుగు పరుష వాక్యములు వ్రాసిన కోపము తీరెడిది. రెడ్డిగారు ఊరూర కవుల వివరములు, పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వాదము అంతటితో ముగిసెను.

ఆయన శ్రమకు పరమఫలము 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అందు రాజుల దండయాత్రలకు ప్రాధాన్యము లేదు. సుమారు 1050 మొదలు 1907 వరకు తెలుగువారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వర్తకములు చేసిరి యన్నదే విషయము. శాసనములలో దొరకని యీ సంగతులను కావ్యములనుండి ఏరిరి. పండితులు రసమునకై చదువు పద్యములో ఆయన కూటిని, గుడ్డను, కొలతను, తూనికను చూచిరి. శృంగారకథలని పెద్దలు చాటున నుంచిన శుకసప్తతి, హంసవింశతులు సయితము ఆయనకు ఊరి చిట్టాలవలె అక్కఱకు వచ్చినవి. ఒక్కొక్క మాటకు అర్థము తేలక నిఘంటువులు విడిచి, ఆ పనిచేయు జనులను అడుగవలసిన గ్రంథమిది. ఒక సంవత్సరపు తీరికలో పుట్టునది కాదు. పట్టము పుచ్చుకొని, ఉద్యోగము వచ్చుదాక ప్రొద్దు పుచ్చుటెట్లని అరుగులపై కూర్చుండు యువకులు, మన గ్రంథాలయమున దీని నొక్క ప్రకరణమైన చదివిన, సంపాదకుని చేతిలో మిగిలిన గడియలు ఏమైనవో తెలియును.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు ఆయనయే అధ్యక్షులు. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఈ సభలు పండితుని కాలమును హరించినవని విచారించువారు కలరు. సభలలో పల్లెజనులతో మెలగనివాడు పల్లెజనుల చరిత్ర వ్రాయగలుగుట దుర్లభమని వారికి చెప్పవచ్చును. అయినను చివరి సంవత్సరములు గ్రంథరచనకే దక్కియుండిన బాగుండెడిదనుటలో న్యాయము లేకపోలేదు.

1953 ఆగస్టు 25వ తేదీన, 57 సంవత్సరముల వయసున, ఆయన పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తన మొదటి బహుమానమును 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేరు.