తెల్లవారగానే మొదటి పని: జార్జి ముల్లరు

మార్కు సువార్త 1వ అధ్యాయము 35వ వచనము మొదలుకొని 38 వరకు చదువుడి. ప్రభువు ముందటి సాయంకాలమంతయు రోగుల మధ్య గడిపెను. అయినను ఇంకను చీకటి యుండగనే లేచి, ఏకాంతముగా ప్రార్థించెను. జనులందరు తనను వెదకుచున్నారని శిష్యులు వచ్చి చెప్పినప్పుడు ఆయన వారియొద్దకు మరలిపోక, ఇతర గ్రామములకు వెళ్లుటకు బయలుదేరెను. ఆ దినమున ఏది చేయవలెనో, ఏది మానవలెనో ఆయన అప్పటికే యెరిగియుండెను. ఈ వరుసను ఆలస్యముగా నేర్చుకొనిన దైవజనుడొకడు గలడు.

జార్జి ముల్లరు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో పుట్టెను. యౌవనమున అబద్ధములాడి, అప్పులు చేసి, చెరసాలలో కూడ నుండెను. 1825లో హాలే పట్టణమున ఒక విశ్వాసి యింట జరిగిన ప్రార్థన కూటములో అతని హృదయము మారెను. 1829లో ఇంగ్లండుకు, 1832లో బ్రిస్టలు పట్టణమునకు వచ్చెను. అతని భార్య మేరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్సు దొరగారి సహోదరి. 1836లో బౌడెను, బీరు అను మిషనెరీలను మన గోదావరి ప్రాంత సేవకై వెంటబెట్టుకొని వచ్చినది ఈ గ్రోవ్సు దొరగారే.

అదే 1836లో ముల్లరు విల్సన్ వీధిలో ఒక అద్దె యింట అనాథ బాలికలను చేర్చుకొనెను. అయిదేండ్లలో పిల్లలు నూరుమంది దాపునకు వచ్చిరి. అతడు ఏ మనుష్యుని యొద్దను డబ్బు అడుగలేదు. రేపటి రొట్టెకు చేతిలో కాసులేని దినములు అనేకములు గడచెను. అట్టివాడు ఉదయమున కన్ను తెరచుటతోనే పనుల చింత ముందుగా వచ్చి కూర్చుండుట వింత కాదు.

అప్పటికి పదేండ్లుగా అతని అలవాటేమనగా, లేచి బట్టలు కట్టుకొనిన వెంటనే ప్రార్థనకు మోకరించుట. మంచి అలవాటే గదా! అయితే తలంపులు నలుదిక్కుల పోవుచుండెను. ఒక్కొక్కప్పుడు అరగంట గడచిన తరువాత గాని మనస్సు నిలిచెడిది కాదని అతడే ఒప్పుకొనెను. ఒక అనాథాశ్రమమును నడుపువాడు ఇట్లు ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. మాబోటి పాస్టరులమైతే దాచియుందుము.

1841 వసంతకాలమున నేల్సువర్తు అను ఊరిలో నుండగా అతనికి ఒక సంగతి తేటపడెను. ప్రతిదినము తన మొదటి పని సేవ కాదు, పిల్లల సంగతి కాదు. తన ఆత్మ దేవునియందు సంతోషించుటయే. అందుచేత మొదట వాక్యము తెరచి, కొన్ని వచనములను తనకొరకే నెమ్మదిగా ధ్యానింప మొదలుపెట్టెను. అప్పుడు ఒప్పుకోలు గాని, స్తుతి గాని, విన్నపము గాని దానంతటదే వచ్చెడిది. నడకకు పోవుట కాలవ్యర్థమని అంతకుముందు తలంచినవాడు, పెద్ద అక్షరముల క్రొత్త నిబంధనను జేబులో పెట్టుకొని, ఉదయ భోజనమునకు ముందు పొలములలో నడచుచు ధ్యానించెను.

అంత తీరిక మనకెక్కడిదని మీరందురు. నిజమే. మాలపల్లెలో తెల్లవారకముందే కూలికి పోవు తల్లికి పావుగంట చిక్కుటయే కష్టము. ముల్లరు మార్చుకొనినది గంటలను కాదు, వరుసను.

ఈ అలవాటునకు పరీక్ష 1845లో వచ్చెను. పిల్లల సందడి తమకు ఇబ్బందిగా నున్నదని వీధిలోని పెద్దమనిషి యొకడు మర్యాదగానే ఉత్తరము వ్రాసెను. ముల్లరు కోపపడలేదు, తొందరపడి ఇల్లు వెదకనూ లేదు. దేవుని సన్నిధిని కొన్ని గంటలు గడిపి, వెళ్లుటకు కారణములు ఒకవైపు, ఉండుటకు కారణములు ఒకవైపు కాగితముపై వ్రాసికొనెను. పొరుగువారి ఫిర్యాదు న్యాయమైనదేనని కూడ అందులో చేర్చెను. పిమ్మట భార్యయు తానును ప్రతి ఉదయము ఆ సంగతికై ప్రార్థించిరి. ముప్పది యారవ దినమున వేయి పౌనులు వచ్చెను. 1849లో ఆష్లీ డౌను కొండమీద మూడు వందల పిల్లలకు ఇల్లు తెరవబడెను. 1870 నాటికి అయిదు ఇండ్లు, రెండువేలకు పైగా పిల్లలకు చోటు.

పనులు హెచ్చినకొలది ఉదయధ్యానము తగ్గలేదు. 1898 మార్చి 9, బుధవారము సాయంకాలమున, తొంబది రెండేండ్ల ప్రాయమున, అతడు ప్రార్థన కూటము నడిపించి తన గదికి వెళ్లెను. మరునాటి ఉదయము ఏడు గంటలకు సేవకురాలు ఎప్పటివలె టీ తీసికొని తలుపు తట్టగా జవాబు లేదు. అతడు మంచము ప్రక్కన నేలమీద పడియుండెను. అప్పటికే ప్రభువునొద్దకు వెళ్లియుండెను.