ఇంజిన్ చప్పుడు విన్న పెద్దాయన

మా హాస్టల్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే. నేను సీఎస్‌ఈ కాబట్టి, టర్బో కారులో ఈసీయూ మ్యాప్ మార్చి బూస్ట్ పెంచొచ్చా అని నన్నే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ నేను హ్యారీ రికార్డో కథ చెబుతాను.

ఆయన 1885లో లండన్‌లో పుట్టారు. అమ్మ తరఫు తాత అలెగ్జాండర్ రెండెల్ మన దేశపు రైల్వేలకి సలహాలిచ్చిన ఇంజినీరు. 1904లో కేంబ్రిడ్జిలో ఒక పోటీ జరిగింది. లీటరు పైచిలుకు పెట్రోల్‌తో ఎవరు ఎక్కువ దూరం వెళ్తారన్నది పందెం. రికార్డో తను కట్టుకున్న మోటార్ సైకిల్ మీద దాదాపు 64 కిలోమీటర్లు వెళ్లి గెలిచారు. ప్రొఫెసర్ బెర్‌ట్రమ్ హాప్కిన్‌సన్ ఆయన్ని ఇంజిన్ల పరిశోధనలోకి లాగారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకులు బాగా పొగ కక్కేవి. పొగని బట్టి ట్యాంకు ఎక్కడుందో శత్రువుకి తెలిసిపోయేది. 1917లో రికార్డో పొగ తక్కువగా వచ్చే 150 హార్స్‌పవర్ ఇంజిన్ తయారుచేసి ఇచ్చారు. 1918లో హాప్కిన్‌సన్ విమాన ప్రమాదంలో చనిపోయారు. గురువుతో కలిసి మొదలుపెట్టిన పనిని మాత్రం రికార్డో వదల్లేదు.

ఆ పనే నాకింగ్. సిలిండర్‌లో స్పార్క్ దగ్గర పుట్టిన మంట చివరిదాకా చేరకముందే, మూలన మిగిలిన గ్యాస్ ఒత్తిడికీ వేడికీ దానంతట అదే ఒక్కసారిగా అంటుకుంటుంది. టకటకమని చప్పుడొస్తుంది. అది ముదిరితే పిస్టన్ పోయినట్టే. రికార్డో ఈ35 అనే ఇంజిన్ కట్టారు. అది నడుస్తుండగానే కంప్రెషన్ మార్చొచ్చు. దాని మీద ఇంధనాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించి, టోలీన్‌ని కొలతగా పెట్టుకున్నారు. మనం బంకులో చూసే ఆక్టేన్ నంబర్‌కి ముందు మెట్టు అది. ఆల్కహాల్ నాకింగ్‌ని బాగా తట్టుకుంటుందని అక్కడే తేలింది. తర్వాత బూస్ట్ పెంచిన ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మి కూడా చూశారు.

నీళ్లెందుకంటే, మన గుంటూరు ఎండల్లో వట్టివేళ్ల తడికల మీద నీళ్లెందుకు చల్లుతామో అందుకే. నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడిని లాక్కుంటాయి. ఆల్కహాల్ కూడా అలాగే చల్లబరుస్తుంది, పైగా తనూ మండుతుంది. వేడి తగ్గితే అదే పెట్రోల్‌తో ఇంకొంచెం బూస్ట్ తట్టుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాలు సుమారు సగం నీళ్లు, సగం మిథనాల్ కలిపి వాడాయి. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు ఇదే పద్ధతితో వచ్చింది. ఆ ద్రవం అయిపోతే బూస్ట్ దానంతట అదే తగ్గేలా కట్టారు. నింపడం మర్చిపోయిన ఓనర్లు చాలామంది, కానీ ఆ ఏర్పాటు ఇంజిన్ని కాపాడేది.

రికార్డోకి 1948లో సర్ బిరుదు వచ్చింది. 1974లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కాబట్టి మిత్రులారా, మ్యాప్‌లో నంబర్ మార్చడం నిమిషం పని. మే నెల మధ్యాహ్నం హైవే మీద నాజిల్ మూసుకుపోతే, మీ కారు బూస్ట్ తనే తగ్గించుకుంటుందా? ముందు ఆ కోడ్ రాయండి. మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగ్గా కనపడదు కూడా. హాస్టల్ గదిలో మాత్రం కలపొద్దు.