గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

విద్యాలయములకు పెద్దలు విచ్చేసి ప్రసంగించుట మన దేశమునకు క్రొత్త ఆచారము కాదు. శిష్టులు వచ్చిన దినమున అధ్యయనము మాని వారిని సేవింపవలయునని ధర్మశాస్త్రములు విధించినవి. భవభూతి మహాకవి ఉత్తరరామచరితము నాలుగవ అంకమున, వాల్మీకి ఆశ్రమమునకు వసిష్ఠుడు మొదలగు పెద్దలు రాగా, చదువు లేదని వటువులు సంబరపడిన ముచ్చటను సరసముగ చిత్రించెను. నేటి కళాశాలలయందును, ఎవరో అతిథి వచ్చి ఉపన్యసించునని తెలియగనే బాలురకు ముందుగ తోచునది ఆ సెలవే. అది సహజము. కాని ఎప్పుడో ఒకనాడు, వినువారిలో ఒకని హృదయమున ఆ మాట విత్తువలె పడును. అట్లు పడిన మాటకై తన కొలువును, సుఖమును వదలుకొనిన మహనీయుని చరిత్రము ఈ రజతోత్సవ సంచికలో చెప్పుకొనుట మనకు విధి. ఏలయన, ఆ మహనీయుడే తరువాత మన గ్రంథాలయోద్యమమునకు మూలస్తంభముగ నిలిచెను.

శ్రీ హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలునందు జన్మించిరి. కుటుంబము పేదది. చదువొక్కటే ఆధారముగ మద్రాసు చేరి, 1906వ సంవత్సరమున ఎం.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఆ దినములలో ఎం.ఏ. పట్టము పొందిన తెలుగువారు బహు కొద్దిమంది. అట్టివారికి దొరతనమువారి కొలువు తలుపు దగ్గరనే నిలిచియుండెడిది. ఉపాధ్యాయ వృత్తిని కోరి, అందులకు వలయు శిక్షణకై వారు రాజమహేంద్రవరమునందలి ట్రెయినింగు కళాశాలలో ప్రవేశించిరి. ఇంకొక కొంతకాలము ఓర్చియుండినచో జీతము, గౌరవము, ఇంటివారికి నిశ్చింతయు సమకూడవలసినదే.

1905వ సంవత్సరమున వంగదేశమును రెండు ముక్కలు చేసిరి. దానితో వందేమాతర ఉద్యమము పుట్టెను. 1907వ సంవత్సరము ఏప్రిలు మాసమున వంగదేశ నాయకుడు బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచారము చేసిరి. వారిని తోడ్కొని వచ్చినవారు ముట్నూరి కృష్ణారావుగారు. రాజమహేంద్రవరమున పాలుగారు కొన్ని దినములు నిలిచి, సాయంకాలములయందు ఉపన్యసించిరి. వారి ఆంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అప్పటికప్పుడు తెలుగున వినిపించిరి. దేశమును ఆవుగను, ప్రజలను దూడలుగను, పాలు పిదుకుకొను పరదేశీయులను గొల్లవారిగను భావించి చిలకమర్తివారు చెప్పిన పద్యము ఆ సందర్భమున పుట్టినదే. ఆంగ్లము రానివాడు సైతము ఆ సభలనుండి ఏదో ఒకటి మూటగట్టుకొని ఇల్లు చేరెను. పరదేశపు వస్తువుల వర్జనము, స్వదేశపు వస్తువుల ఆదరణము, స్వదేశీయ విద్య, స్వరాజ్యము – ఇవి ఆ ఉపన్యాసముల సారము.

కళాశాలలోని బాలురు ఆ సభలకు గుంపులుగ పోయిరి. మరునాడు వందేమాతరమను బిళ్ళలు రొమ్మున ధరించి తరగతులకు వచ్చిరి. అప్పటి కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరను దొర. బిళ్ళ తీసివేయవలసినదని దొర శాసించెను. బాలురు తీయలేదు. శిక్షలు మొదలయ్యెను, పలువురు కళాశాల విడువవలసి వచ్చెను. వారికి ముందు నడచినవారు హరిసర్వోత్తమరావుగారు. వారిని కళాశాలనుండి తొలగించుటయే గాక, దొరతనమువారి కొలువులేవియు వారికి ఈయరాదని ఉత్తరువైనది. ఎం.ఏ. పట్టము చేతనుండియు, దొరతనపు పాఠశాలలో అక్షరము చెప్పు అర్హత పోయినది.

ఇచ్చట ఒక సంగతి విచారింపదగియున్నది. ఉపన్యాసకుడు చెప్పి వెళ్ళిపోవును. వినినవాడు ఊరనే ఉండి దాని ఫలమనుభవించును. కావున బాలురను రెచ్చగొట్టి పోవుట పెద్దలకు తగునా యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. బిడ్డ చదువునకై పొలము తాకట్టుపెట్టిన తండ్రికి ఆ బిళ్ళ విలువ ఎంతయో మనము ఊహింపవచ్చును. కాని పాలుగారు ఇతరులను ముందునకు త్రోసి తాము తప్పించుకొనినవారు కారు. అదే సంవత్సరమున, అరవిందులవారిపై నడచిన అభియోగమున సాక్ష్యము చెప్ప నిరాకరించి, వారును ఆరు మాసములు చెరయనుభవించిరి. చెప్పిన మాటకు తానును వెల చెల్లించు వక్తనే బాలురు నమ్ముదురు. హరిసర్వోత్తమరావుగారు అప్పటికి పసివారు కారు, ఇరువదిమూడేండ్ల విద్యావంతులు. తెలిసియే ఆ త్రోవను పట్టిరి.

కొలువు పోయినదని వారు క్రుంగలేదు. 1908వ సంవత్సరమున బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడపిరి. తిరునల్వేలిలో జరిగిన కాల్పులను గర్హించుచు అందులో విపరీతబుద్ధి యను వ్యాసము వెలువడెను. రాజద్రోహ నేరము మోపబడెను. క్రింది న్యాయస్థానము ఆరు మాసములు శిక్ష విధింపగా, అది చాలదని హైకోర్టు మూడేండ్లకు పెంచెను. వెల్లూరు చెరసాలలో వారు పడిన యిడుములు పెక్కు. ఆంధ్రతిలకుడని ప్రజలు వారిని పిలుచుటకు ఈ చెరయే కారణము.

విడుదలయై వచ్చిన పిమ్మట, అట్టివానిని చేరదీయ జనులు జంకెడి కాలమున, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆదరించిరి. వారి విజ్ఞానచంద్రికా గ్రంథమాలకు హరిసర్వోత్తమరావుగారు అంతకు మునుపే అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసి యిచ్చియుండిరి. గుడిసెలో పుట్టి, అరువు పుస్తకములు చదివి దేశాధ్యక్షుడైనవాని కథను తెలుగువారికి అందించినవారు వారే. తరువాత ఆంధ్రపత్రికకు కొంతకాలము సంపాదకులైరి. హోంరూలు ఉద్యమమున ఆంధ్రశాఖకు కార్యదర్శిగ పనిచేసిరి. మద్రాసు శాసనమండలియందు సభ్యులుగ ఉండిరి.

ఈ పదవులన్నిటికంటెను మనకు ముఖ్యమైనది వారి గ్రంథాలయ సేవ. 1914వ సంవత్సరమున బెజవాడలో ప్రథమాంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణముపోసిరి. తరువాతికాలమున హరిసర్వోత్తమరావుగారు అధ్యక్షులై చిరకాలము ఆ భారమును మోసిరి. పుస్తకమున్నంత మాత్రమున చదువు రాదని వారెరుగుదురు. అందుచేతనే వయోజన విద్యకై శ్రమించిరి. పగలెల్ల పొలమున పనిచేసినవాడు రాత్రివేళ అక్షరము దిద్దుకొనవలయును. దిద్దుకొనలేనివాడు వినియైనను తెలిసికొనవలయును. ఒకనాడు శ్రోతయై కొలువు పోగొట్టుకొనిన ఆయన, తరువాత తానే వక్తయై ఊరూర ప్రసంగించిరి. దొరతనము ఒక పాఠశాల తలుపు మూయగా, వారికి దేశమంతయు పాఠశాలయైనది.

1960వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన వారు పరమపదించిరి. ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినది ఆ సంవత్సరముననే. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనము వారి పేరు నిలుపుచున్నది.

ఇక మన మాట. ఇరువదియైదేండ్లలో ఎన్ని పుస్తకములు చేరినవి, ఎన్ని పోయినవి యను పద్దు ఈ సంచికలో మరియొక చోట ఉండును. కాని ఇచ్చట జరిగిన ప్రసంగముల ఫలమునకు పద్దు లేదు, ఉండజాలదు. ఏ బాలుని చెవిని ఏ మాట పడినదో ఇరువదేండ్లకు గాని తెలియదు. వినువారు పదిమందియైనను లేరని సభలు మానుట తగదు. రాజమహేంద్రవరమున పాలుగారి మాటలు వేలమంది వినియుందురు; వారిలో హరిసర్వోత్తముడొక్కడు చాలెను. మన పిల్లలు పట్టణపు కళాశాలలలో ఉపన్యాసములు విని వత్తురు. వారు ఊరికి వచ్చినపుడు, తాము వినినదానిని మన గ్రంథాలయపు అరుగుమీద నిలిచి, చిలకమర్తివారివలె, చదువురాని పెద్దలకును తెలియునట్లు తెలుగున చెప్పవలయును. చెప్పువారికి ఒక దీపము, కూర్చుండువారికి ఒక చాప సిద్ధముగ నుంచుట పాఠకులమైన మన పని. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ అరుగు ఖాళీగా ఉండకుండుగాక.