శ్రీనివాస రామానుజన్

భారతదేశమున జన్మించిన గణిత శాస్త్రజ్ఞులలో శ్రీనివాస రామానుజన్ అగ్రగణ్యుడు. ఆయన 1887 డిసెంబరు 22వ తేదీన తమిళదేశమందలి ఈరోడులో జన్మించి, కుంభకోణమున పెరిగెను. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. గణితముపై గల మక్కువచే రామానుజన్ తక్కిన పాఠ్యవిషయములను ఉపేక్షించెను. అందువలన కళాశాలలో విద్యార్థివేతనము పోయెను, ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేకపోయెను. కాగితము కొను స్తోమతు చాలక, పలకపై లెక్కలు వేసి, మోచేతితో తుడిచి, ఫలితములను మాత్రమే పుస్తకమున వ్రాసికొనెడివాడు. 1912లో మదరాసు ఓడరేవు కార్యాలయమున నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను.

1913 జనవరిలో ఆయన తాను కనుగొనిన ఫలితములను కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు వ్రాసి పంపెను. ఆ పండితుని ప్రోత్సాహముచే 1914 మార్చిలో ఇంగ్లండునకు ఓడనెక్కెను. కొలది నెలలకే ప్రపంచ సంగ్రామము ఆరంభమయ్యెను. శాకాహారియగు ఆయనకు తగిన ఆహారము దొరకుట కష్టమయ్యెను. అయినను పరిశోధన ఆగలేదు.

ఒక సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలు దాని భాజకములు. 7, 11 వంటి ప్రధాన సంఖ్యలకు ఒకటియు, తానును తప్ప వేరు భాజకములు లేవు. 12కు 1, 2, 3, 4, 6, 12 అను ఆరు భాజకములు కలవు. 12 కంటె చిన్నదగు ఏ సంఖ్యకును ఇన్ని లేవు. తనకంటె చిన్నవాని అన్నిటికంటెను ఎక్కువ భాజకములు గల ఇట్టి సంఖ్యలను రామానుజన్ ఒక ప్రత్యేక వర్గముగా నేర్పరచెను. అట్టి సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధముగా విడదీసినచో, 2 మొదలుకొని అవి నడుమ ఏదియు విడువక వరుసగా వచ్చుననియు, పెద్దది చిన్నదానికంటె ఎక్కువ మారులు రాదనియు, 4, 36 అను రెండింట తప్ప చివరిది ఒక్కమారే వచ్చుననియు చూపెను.

1915లో ప్రకటించిన వ్యాసమున అట్టి సంఖ్యల పట్టిక నిచ్చెను. అందు చివరిది 67,46,32,83,88,800. అనగా 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 8 వందలు! ఇందు 2 ఆరు మారులును, 3 నాలుగు మారులును, 5, 7 రెండేసి మారులును, 11, 13, 17, 19, 23 ఒక్కొక్క మారును కలవు. దీని భాజకములు 10,080. ఇంత పట్టికలో ఒక్క సంఖ్య మాత్రము తప్పిపోయెను. అది 2,93,31,86,25,600. చివరి సంఖ్యను 23చే భాగించినచో లభించునది అదియే! లండను గణిత సంఘమునకు ధనము చాలనందున వ్యాసములో కొంత భాగము అప్పుడు అచ్చు కాలేదు. అది 1997లో వెలుగు చూచెను.

ఈ పరిశోధనకే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1916లో ఆయనకు బి.ఏ. పట్టము నొసగెను. స్వదేశమున ఎఫ్.ఏ. దాటలేనివాడు 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. కాని వ్యాధి ఆయనను పీడించెను. 1919లో స్వదేశమునకు మరలివచ్చి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏండ్ల ప్రాయముననే మరణించెను. దారిద్ర్యము, పరీక్షలలో అపజయము, పరదేశవాసము, వ్యాధి, ఇవి యేవియు ఆయనను గణితమునుండి మరల్పజాలక పోయినవి.