డాక్టర్ మర్రి చెన్నారెడ్డి: వ్యక్తియు, పక్షమును

ధారూరు వికారాబాదునకును తాండూరునకును నడుమనున్నది. ఆ రెండు స్థానములును డాక్టర్ మర్రి చెన్నారెడ్డిగారిని శాసనసభకు పంపినవే. ఓటు వేయవలసినది వ్యక్తికా, పక్షమునకా యను ప్రశ్నకు వారి జీవితము చక్కని ఉదాహరణము.

వారు 1919 జనవరి 13వ తేదీన మర్పల్లి ప్రాంతమునందలి సిరిపురమున జన్మించిరి. వైద్యవిద్య నభ్యసించి 1941లో పట్టము పొందిరి. కాని వారి మనస్సు ప్రజాజీవితమువైపే మొగ్గెను. 1952లో వికారాబాదునుండి కాంగ్రెసు పక్షమున ఎన్నికై బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున చేరిరి. 1957లో వికారాబాదే వారిని మరల గెలిపించెను. 1962లోను, 1967లోను తాండూరు గెలిపించెను. 1967లో వారు కేంద్రమున ఉక్కుశాఖ మంత్రియైరి.

మరుసటి సంవత్సరమే ఎదురుదెబ్బ తగిలెను. తాండూరు ఎన్నికలో చట్టము నిషేధించిన పద్ధతులు నడచినవని ఉన్నత న్యాయస్థానము 1968లో ఆ ఎన్నికను రద్దు చేసెను. సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపరచెను. ఆరేండ్లు పోటీ చేయు అర్హత పోయెను. వ్యక్తి పేరు గాని పక్షము పేరు గాని చట్టమునకు మించినది కాదని ఓటర్లకు తెలియవచ్చెను.

1969లో వారు తెలంగాణ ప్రజాసమితికి నాయకులైరి. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణమునందలి 14 స్థానములలో పదింటిని సమితి గెలుచుకొనెను. నాయకుడు స్వయముగా పోటీ చేయలేని ఆ ఎన్నికలో జనులు ఓటు వేసినది పక్షమునకు, దాని ఆశయమునకు. ఆ ఏడే ముఖ్యమంత్రి మారెను. సమితి కాంగ్రెసులో విలీనమయ్యెను. ఆశయము నెరవేరకమునుపే, ఓటు పొందిన పక్షము కనుమరుగయ్యెను.

1978లో కథ తారుమారయ్యెను. పుట్టి రెండు నెలలైనను నిండని ఇందిరా కాంగ్రెసు, క్రొత్త గుర్తుతో, వారి సారథ్యమున రాష్ట్రమున గెలిచెను. వారు ముఖ్యమంత్రియై 1980 వరకు పాలించిరి. 1989లో రెండవమారు ఆ పదవి నధిష్ఠించి ఏడాదికే వీడిరి. తమిళనాడు గవర్నరుగా నుండగా 1996 డిసెంబరు 2వ తేదీన పరమపదించిరి.

ఈ జీవితమునుండి గ్రామ ఓటరు గ్రహింపదగినది కలదు. పంచాయతీ ఎన్నికలలో సర్పంచికిని వార్డు సభ్యులకును పక్షముల గుర్తులుండవు. అభ్యర్థి ఎవరో, అతని నడవడి యెట్టిదో ఊరివారికి తెలియును. వీధిదీపము వెలుగకున్న అతని వాకిటనే నిలదీయవచ్చును. కావున అచ్చట వ్యక్తిని తూచుట సులభము, న్యాయము. మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికలు పక్షముల గుర్తులతో జరుగును. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు. తాను గెలిపించిన సభ్యుడు రేపు ఎవరి కొమ్ము కాయునో ఓటరునకు ముందుగా తెలియజేయునది పక్షమే. అయినను పక్షములు విలీనమగుననియు, నాయకులు పక్షములు మారుదురనియు చెన్నారెడ్డిగారి చరిత్రయే చెప్పుచున్నది. గుర్తు చూచి వేసినను, మనిషిని చూచి వేసినను, ఓటు వేసిన పిమ్మట లెక్క అడుగు బాధ్యత మాత్రము ఓటరును విడువదు.