ఇంటి పనిలో లోపమే.. పీహెచ్‌డీ టాపిక్!

ల్యాబ్‌లో బీకరును మంట మీద పెట్టి నీళ్లు మరిగిస్తాం. పగలదు. అదే మామూలు గాజు గ్లాసులో సలసల కాగే నీళ్లు పోస్తే టప్పున చిట్లుతుంది. ఉప్పునుంతల నుంచి రోజూ బస్సెక్కి అచ్చంపేటకో, నాగర్‌కర్నూలుకో వెళ్లి డిగ్రీ చదివే సైన్స్ విద్యార్థి చేతిలోని ఆ బీకరు వెనక ఒట్టో షాట్ అనే గాజు వ్యాపారి కొడుకు కష్టం ఉంది.

షాట్ 1851లో జర్మనీలోని విట్టెన్‌లో పుట్టారు. తండ్రి సైమన్ కిటికీ అద్దాల ఫ్యాక్టరీలో భాగస్వామి. అప్పట్లో గాజు పని చాలావరకు పనివాళ్ల అనుభవం మీదే నడిచేది. షాట్ మాత్రం కెమిస్ట్రీ చదివారు. కిటికీ గాజు తయారీలో వచ్చే లోపాలనే పరిశోధనాంశంగా తీసుకుని 1875లో యెనా యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు.

తర్వాత విట్టెన్‌లోనే కొత్త రసాయనాలు కలిపి గాజు కరిగించి చూశారు. 1879లో లిథియం కలిపిన గాజు నమూనాను యెనాలోని శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బెకు పంపారు. మైక్రోస్కోపులకు సరైన గాజు దొరక్క అబ్బె ఇబ్బంది పడుతున్న రోజులవి. ఆ నమూనా లెన్సులకు పనికి రాలేదు. అయినా షాట్ వదల్లేదు. ఒకదాని తర్వాత ఒకటి పంపుతూనే ఉన్నారు. 1882లో మకాం యెనాకు మార్చారు. 1884లో అబ్బె, కార్ల్ జైస్, ఆయన కొడుకు రోడెరిక్‌లతో కలిసి గాజు ల్యాబొరేటరీ పెట్టారు. రెండేళ్లకే 44 రకాల ఆప్టికల్ గాజుతో క్యాటలాగు వచ్చింది.

ఆ తర్వాత వచ్చిందే బోరోసిలికేట్ గాజు. బోరాన్ ఆక్సైడ్ కలపడంతో వేడికి తక్కువగా వ్యాకోచిస్తుంది. అందుకే అంత తేలిగ్గా పగలదు. ల్యాబ్ సామాను, గ్యాస్ దీపాల చిమ్నీలు దీంతో తయారయ్యాయి.

1919లో షాట్ తన వాటాను కార్ల్ జైస్ ఫౌండేషన్‌కు ఇచ్చేశారు. 1927లో కొడుకు ఎరిక్ బాధ్యతలు తీసుకున్నారు. అంటే ఆయనకు దక్కింది ఆస్తి కాదు, పని. షాట్ 1935లో కన్నుమూశారు.

నేడు హైదరాబాద్ టీకాలు నింపే చిన్న సీసాలు కూడా బోరోసిలికేట్ గాజువే. ఫార్మా ఉద్యోగానికి ప్రిపేరయ్యేవాళ్లు ఈ గాజు గురించి తెలుసుకుని ఉండాలి. మీ ఇంట్లో వడ్రంగమో, నేతో, వ్యవసాయమో ఉంటే, అందులో రోజూ విసిగించే లోపం ఏదో ఒకసారి అడిగి చూడండి. మీ ప్రాజెక్టు టాపిక్ అక్కడే దొరకొచ్చు.