కె.వి.రెడ్డి

కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడైన కదిరి వెంకటరెడ్డి (జూలై 1, 1912 - సెప్టెంబర్ 15, 1972) తెలుగు సినిమా దర్శకుడు, నిర్మాత, స్క్రీన్‌ప్లే రచయిత. మద్రాసు స్టూడియోలు తెలుగు సినిమాకు కేంద్రంగా ఉన్న కాలంలో దాదాపు మూడు దశాబ్దాలలో 14 తెలుగు చిత్రాలకు దర్శకత్వం వహించాడు. పాతాళభైరవి, మాయాబజార్ ఈయన చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి.

తొలి జీవితం

ఈయన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి పట్టభద్రుడయ్యాడు. తాడిపత్రికే చెందిన మిత్రుడు మూలా నారాయణస్వామి సినీ నిర్మాణంలో భాగస్వామి కావడంతో ఈయనకు ఆ రంగంతో పరిచయం కలిగింది. గృహలక్ష్మి (1938) నిర్మించిన రోహిణి సంస్థలో క్యాషియరుగా చేరాడు. తరువాత బి.ఎన్.రెడ్డి దర్శకత్వం వహించిన వాహినీ చిత్రాలకు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాడు. సినిమాకు ఎక్కడ ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ వృథా అవుతుందో దర్శకుడు కాకముందే తెలుసుకొనే అవకాశం ఈ ఉద్యోగాల వలన లభించింది.

దర్శకునిగా

నారాయణస్వామి ప్రోత్సాహంతో ఈయనకు దర్శకత్వ అవకాశం లభించింది. తొలి చిత్రం భక్త పోతన (1943) ఘనవిజయం సాధించింది. ఇందులో పోతనగాను, తరువాతి యోగి వేమన (1947)లో వేమనగాను చిత్తూరు నాగయ్య నటించాడు. షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్ కథాంశాన్ని తెలుగు జానపద కథగా మలచి గుణసుందరి కథ (1949) తీశాడు.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థకు తీసిన పాతాళభైరవి (1951) ఎన్.టి.రామారావును అగ్రనటుని స్థాయికి చేర్చింది. పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం ఈ చిత్రానికి బలమైనాయి. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీనిని ప్రదర్శించారు.

పురపాలక రాజకీయాలలోని అవినీతిని చూపిన పెద్దమనుషులు (1954), అన్నపూర్ణా సంస్థ తొలి చిత్రం దొంగరాముడు (1955) సాంఘికాలలోను ఈయన ప్రతిభను నిరూపించాయి. 1957లో తెలుగు, తమిళ భాషలలో మాయాబజార్ వెలువడింది. మహాభారత పాత్రలతో అల్లిన కథే అయినా ఇందులో పాండవులు తెరపై కనిపించరు. శశిరేఖాభిమన్యుల పెళ్ళి చుట్టూ, ఘటోత్కచుని మాయల చుట్టూ కథ నడుస్తుంది.

పనితీరు

హాలీవుడ్ స్టూడియోల మాదిరిగానే ఆనాటి విజయా సంస్థలోను నటులు, సాంకేతిక నిపుణులు నెలజీతాలపై పనిచేసేవారు. రచయితలతో దీర్ఘకాలం చర్చించి, స్క్రీన్‌ప్లేను ముందే పూర్తిచేసే ఈయన పద్ధతికి ఈ ఏర్పాటు అనుకూలించింది. ప్రతి సన్నివేశం ఎంతసేపు ఉండాలో ముందుగా లెక్కవేసి, చిత్రీకరణలో స్టాప్‌వాచ్‌తో సరిచూసుకొనేవాడు. ఖరీదైన ముడి ఫిల్మును వృథా కానిచ్చేవాడు కాదు. మాయాబజార్‌కు సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తరువాత దర్శకునిగా ప్రసిద్ధుడయ్యాడు.

చివరి దశ

జగదేకవీరుని కథ (1961) విజయం తరువాత, సొంత సంస్థ జయంతి పిక్చర్స్ పతాకంపై శ్రీకృష్ణార్జున యుద్ధము (1963) తీశాడు. ఆపై పరాజయాలు ఎదురైనాయి. సత్య హరిశ్చంద్ర (1965), ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968), భాగ్యచక్రం (1968) ఆశించిన ఆదరణ పొందలేదు. ఒకప్పుడు విజయం తెచ్చిన పద్ధతులే, నటవర్గమే ఉన్నా ప్రేక్షకుల అభిరుచి మారిపోయింది. ఈ దశలో ఎన్.టి.రామారావు తన సంస్థ చిత్రం శ్రీకృష్ణ సత్య (1971) దర్శకత్వాన్ని ఈయనకు అప్పగించాడు. అదే చివరి చిత్రమైంది. మరుసటి సంవత్సరం మరణించాడు.

2010లో మాయాబజార్ రంగుల చిత్రంగా మళ్ళీ విడుదలైంది. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. నిర్వహించిన పోలింగులో భారతీయ చిత్రాలలో మొదటి స్థానం పొందింది.

దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు

* భక్త పోతన (1943)
* యోగి వేమన (1947)
* గుణసుందరి కథ (1949)
* పాతాళభైరవి (1951)
* పెద్దమనుషులు (1954)
* దొంగరాముడు (1955)
* మాయాబజార్ (1957)
* పెళ్ళినాటి ప్రమాణాలు (1958)
* జగదేకవీరుని కథ (1961)
* శ్రీకృష్ణార్జున యుద్ధము (1963)
* సత్య హరిశ్చంద్ర (1965)
* ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968)
* భాగ్యచక్రం (1968)
* శ్రీకృష్ణ సత్య (1971)